అంతర్జాలమున విచిత్రగానము

కావ్యమునందుఁ జిత్రమునకుఁ గల స్థాన మేది యను ప్రశ్న ఆలంకారికులకుఁ గ్రొత్తది కాదు. అక్షరములతోఁ బద్మమును ఖడ్గమును గూర్చిన కవులను రాజసభలు మెచ్చినవి. మమ్మటుఁడు మాత్రము కావ్యప్రకాశమున వ్యంగ్యము లేని చిత్రమునకు మూఁడవ తరగతి నొసఁగి, దానిని అవరకావ్య మనెను. ఆ ప్రశ్నయే నేఁడు వేఱొక వేషమున గానమునందుఁ దలయెత్తినది. 2005 లో యూట్యూబు వెలసిన పిమ్మట, వింతవాద్యములును వింతచేష్టలును గల పాటలు వీడియోల రూపమున నింటింటికి వచ్చినవి. క్యారెట్టును పిల్లనగ్రోవిగా నూఁదువాఁడును, ఉక్కుగోళీలచే వాద్యములను మ్రోఁగించువాఁడును, సొరబుఱ్ఱల కిన్నెరను మీటుచు వీరుని కథ పాడువాఁడును ఒకే సెల్‌ఫోను తెరమీఁద నొకరి వెంట నొకరు కనఁబడుచున్నారు. చూచువాఁడు ఒక్కొక్కరిని చూచి యబ్బురపడి, నవ్వి, మెచ్చి, వ్రేలితోఁ ద్రోసి, తరువాతివానికడకుఁ బోవుచున్నాఁడు. ఈ యబ్బురపాటున కెంత విలువ కలదు? అందు గానమున కెంత పాలు చెల్లును? ఇది విమర్శకులు విచారింపఁదగిన విషయము.

ఇందు రెండు పక్షములు వినవచ్చుచున్నవి. సంప్రదాయజ్ఞులు కొందఱు ఇవి యన్నియు గారడీవిద్యలే కాని గానము కావనియు, కంటికిఁ బని చెప్పునది చెవికి ద్రోహము చేయుననియు నందురు. నవీనులు కొందఱు క్రొత్తదనమే కళయనియు, లక్షలమంది చూచినదానిని విమర్శకుఁడు చూడకుండుట యతని లోపమే యనియు నందురు. మొదటి పక్షమువారు వింతను చూచినంతనే తలుపు మూయుచున్నారు. రెండవ పక్షమువారు వింతను చూచినంతనే తలుపు తెఱచుచున్నారు. ఆ వింత యెచ్చటనుండి వచ్చినదని ప్రశ్నించుట యిరువురును మఱచిరి.

చమత్కారమును శాస్త్రము నిరసింపలేదు. సాహిత్యదర్పణకర్తయగు విశ్వనాథుఁడు తన పూర్వుఁడైన నారాయణుని మతమును ఉదాహరించుచు, రసముల కెల్ల సారము చమత్కార మగుటచే నద్భుతమే సర్వత్ర కలదను వాదము నెత్తి చూపెను. అనఁగా శృంగారమునను కరుణమునను గూడ సహృదయుని చిత్తము వికసించునట్టి యొక విస్మయము దాఁగియుండును. కాని యా విస్మయము రసముతోఁ గూడ నుదయించునది. రసమునకు బదులుగా వచ్చునది కాదు. పద్మబంధమును విప్పి చూచిన పిమ్మటఁ జదువరికి మిగులునది కవి పడిన శ్రమ యొక్కటే యైనచో నది చిత్రము. విప్పిన పిమ్మటను భావము నిలిచినచో నది కావ్యము. గానమునకును ఈ కొలత చెల్లును. వింత తీఱిన పిమ్మట నేమి మిగులు నన్నదే పరీక్ష.

తెలుఁగుదేశమున విచిత్రగానము అంతర్జాలముతోఁ బుట్టినది కాదు. హరికథాపితామహుఁ డగు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) రెండు చేతులను, రెండు పాదములను, శిరస్సును వేర్వేఱు తాళములకు నియోగించి పాడెడివాఁడనియు, అందుచేతనే పంచముఖీపరమేశ్వరుఁ డను ప్రశస్తిఁ గాంచెననియుఁ జెప్పుదురు. వీణాచిట్టిబాబు (1936–1996) వీణతీఁగెలపైఁ గోయిలకూఁతను బలికించి ‘కొమ్మలో కోయిల’ యను రచనను జనుల నాలుకలపై నిలిపెను. పాలకొల్లున 1969 లోఁ బుట్టిన శ్రీనివాసు, పాశ్చాత్యవాద్యమగు మాండలీనును గర్ణాటకసంగీతమునకుఁ దెచ్చి, 1978 లో గుడివాడయందు, ఇంకను బాలుఁడై యుండఁగనే, తొలికచేరీ చేసెను. ఆనాఁడు శ్రోతలకు రెండు వింతలు: వాయించువాఁడు బాలుఁడు, వాద్యము గమకమున కలవడదని తలఁపఁబడిన విదేశీయము. అతఁడు విద్యుచ్ఛక్తితోఁ బనిచేయు మాండలీనును గైకొని, తీఁగెల యేర్పాటును మార్చి, దానిచే గమకమును బలికించెను. ఆయన 2014 లో స్వర్గస్థుఁ డగునాఁటికి మాండలీను వింత కాదు, కచేరీవాద్యములలో నొకటి. ఇచ్చట వింత మెట్టువలెఁ బనిచేసినది. శ్రోత దానినెక్కి రాగమును జేరెను. చేరిన పిమ్మట మెట్టును దలఁచుకొనవలసిన పని లేకపోయెను.

ఈ పూర్వోదాహరణముల కన్నిటికి సభ యొకటి కలదు. నారాయణదాసు ఐదు తాళములను చూడవచ్చినవాఁడు రాత్రి తెల్లవాఱువఱకు గూర్చుండి హరికథను గూడ వినవలసినదే. వింతను మాత్రము త్రుంచి యింటికిఁ గొనిపోవు నుపాయము లేదు. వీడియో యా యుపాయమును గల్పించినది. ఇది రెండు ఫలముల నొసఁగినది. ఒకటి మేలు: ఎన్నిమాఱులైనను మఱలఁ జూడవచ్చును గనుక, మొదటి చూపున మెఱసి రెండవ చూపునఁ గ్రుంగునది యేదో తేలిపోవును. రెండవది కీడు: వింత తాను బుట్టిన చోటినుండి విడివడి, ఊరును, కథయు, వంశమును లేనిదై తిరుగును. ఈ కీడుచేతనే ముఖ్యమైన భేద మొకటి మఱుగుపడుచున్నది. వైచిత్ర్యము రెండు విధములు. క్రొత్తగాఁ గల్పింపఁబడుటచే వింతయైనది యొకటి. మఱవఁబడుటచే వింతయైనది మఱియొకటి. మొదటిదాని వింత వస్తువునందుఁ గలదు. రెండవదాని వింత చూచువాని మఱపునందుఁ గలదు. తెర యీ రెంటిని ఒకే వెలుఁగునఁ జూపును. వీనిని వేఱుచేయుట విమర్శకుని పని.

మొదటి విధమునకు విదేశములయందు మంచి యుదాహరణములు కలవు. 2006 లో ఓకే గో యను అమెరికా బృందమువారు నలువురు, ఎనిమిది నడకయంత్రములను బరచి, వానిపై నెక్కుచు దిగుచు, ఎచ్చటను ఖండింపక యొకే చిత్రీకరణమున పాట ముగించిరి. చేష్ట కడు చతురము. కాని కన్నులు మూసికొని వినినచో నది సామాన్యమైన పాట. గాన మిచట చేష్టకు నేపథ్యమైనది. స్వీడనుదేశీయుఁడు మార్టిన్ మోలిన్ వింటర్‌గటాన్ బృందముకొఱకుఁ గట్టి 2016 లోఁ జూపిన గోళీలయంత్ర మిట్టిది కాదు. చేతితోఁ ద్రిప్పు చక్రముచేఁ గదలు చెక్కయంత్రమున, రెండువేల యుక్కుగోళీలు పైకెక్కి, నియమితస్థానములందు జాఱి, లోహపుబలకలపైనను మృదంగసదృశములగు వాద్యములపైనను బడి రాగమును లయను బుట్టించును. ఇందుఁ గంటికిఁ గనఁబడునదే చెవికి వినఁబడునది. గోళీ పడుటయే స్వరము. యంత్రమును దొలఁగించినచో పాటయే లేదు. కావున వింత పాటకు భూషణము కాదు, దేహము. అయినను ఆ యంత్రము సుకుమారము; ఊరూరఁ గచేరీలకుఁ దిరుగునది కాదు. పిమ్మట నది నెదర్లాండ్సునందలి ఊట్రెక్టు నగరమున స్వయంవాదకయంత్రముల మ్యూజియమున కెక్కెను. దానికి వీడియోయే సభ. అందుచే దాని వింతను తెర చెఱుపలేదు. అది తెరకొఱకే పుట్టినది.

వియన్నానగరమున 1998 లో నేర్పడిన కాయకూరల వాద్యబృందము మఱియొక తీరు. వారు కచేరీకిఁ గచేరీకి క్యారెట్లతో వేణువులను, గుమ్మడికాయలతో మృదంగములను అప్పటి కప్పుడు చెక్కుకొని వాయించి, తుదకు శ్రోతలకుఁ గూరలచాఱు పోయుదురు. ఈ కచేరీని వీడియోలోఁ జూచి తెలుఁగు యువకుఁడు నవ్వును. కాయను వాద్యము చేయుటయా యని యాశ్చర్యపడును. తన దేశమున వీణకు సొరబుఱ్ఱను గట్టుట తరతరములనుండి కలదని యతనికి స్ఫురింపదు. తీఁగె కదలిక స్వతస్సిద్ధముగాఁ జిన్నది. దానిని బోలుకాయలోని గాలికి నప్పగించినఁ గాని నాదము పెద్దది కాదు. ఈ రహస్యమును గనిపెట్టినవారు నవ్వించుటకుఁ గాక, పాడుటకుఁ గనిపెట్టిరి. వియన్నావారి గుమ్మడికాయ క్రొత్త వింత. ఇచ్చటి సొరకాయ మఱవఁబడిన విద్య.

ఈ రెండవ విధమునకుఁ బండ్రెండుమెట్ల కిన్నెరకంటె మంచి నిదర్శనము దొరకదు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకుఁ జెందిన దర్శనం మొగిలయ్య దానిని వాయించుచు పాలమూరు వీరగాథలను, ముఖ్యముగాఁ బండుగ సాయన్న కథను, గానము చేయువాఁడు. వెదురుదండమునకు సొరబుఱ్ఱలను గట్టి, మెట్ల నమర్చి, తీఁగెను బిగించిన యీ వాద్యము, 2021 సెప్టెంబరున వెలువడిన భీమ్లా నాయక్ చిత్రగీతపు వీడియోతో లోకమున కెక్కెను. తమన్ సంగీతము కూర్చిన యా పాటకు మొగిలయ్య గొంతే తొలిపలుకు. అతఁడు వీరుని పుట్టుకను, తల్లిదండ్రులను, తాతముత్తాతలను వరుసఁ బేర్కొనును. అది కిన్నెరకథకులు కథానాయకుని సభకుఁ బరిచయము చేయు పద్ధతియే. పిమ్మట వాద్యసమూహము పెద్దపెట్టున లేచి, కిన్నెర వెనుకకుఁ దగ్గును.

నగరపుఁ బ్రేక్షకు లీ వాద్యమును చూచి, ఎక్కడి వింత యిది యని విస్తుపోయిరి. కాని సాహిత్యచరిత్ర నెఱిఁగినవారికి కిన్నెర వింత కాదు. 13 వ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునఁ గిన్నరీవీణను లఘ్వి, బృహతి యను భేదములతో వర్ణించెను. పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమునఁ గిన్నర బ్రహ్మయ్య కథను జెప్పెను; ఆ భక్తునకుఁ బేరు దెచ్చినది యతని చేతి కిన్నెరయే. శాస్త్రగ్రంథమునను ద్విపదకావ్యమునను నిలిచిన వాద్యము జనుల కన్నులకు వింతయైన దనఁగా, ఆ వింత వాద్యముయొక్క గుణము కాదు. నడుమనున్న యేడెనిమిది శతాబ్దములలోఁ బండితులసభ తన వాకిట నిలిచిన గాయకునివైపుఁ జూడకుండుటయొక్క ఫలము. వీణ దేవాలయమునను సంస్థానమునను బూజ లందినది. దాని చెల్లెలు కిన్నెర యూరూర భిక్షాటనము చేసినది. 2021 నాఁటి విస్మయమున నీ చరిత్ర యంతయు నిమిడియున్నది.

ఇఁక వీడియోను గూర్చి విచారింపవలెను. చిత్రగీతమున మొగిలయ్య పాడిన భాగము సహజమైనది, బిగువైనది. వంశకీర్తనమునందలి యూఁపు, పదముపైఁ బదము నెత్తు తీరు కిన్నెరకథకునివే. సంగీతదర్శకుఁడు దానిని మెఱుఁగుపెట్టఁ బూనక యుండుట ప్రశంసింపఁదగినది. కాని యది తలవాకిలి మాత్రమే. కిన్నెరకథయందు వంశకీర్తనము సభను నిలుపుటకు. అటుపిమ్మట కథకుఁడు కథ నెత్తుకొనును. పేదలకొఱకుఁ గలవారిని దోఁచిన సాయన్న సాహసమును, అతఁడు పట్టువడుటను, చావును వచనముతోఁ బాటను గలిపి చెప్పుచుండఁగా, కిన్నెర నడుమ నడుమ నిట్టూర్చును, మాఱుపలుకును, శ్రోతకు ఊపిరి పీల్చుకొనుట కెడమిచ్చును. ఆ వాద్యముయొక్క శక్తి దాని రూపమునఁ గాక యీ కాలవిభజనమునఁ గలదు. చిత్రగీతమునఁ దలవాకిలి దాఁటినంతనే వేఱొకయింట నడుగుపడును. ప్రేక్షకుఁడు కిన్నెరను చూచెను. కిన్నెర యెందులకో దానిని వినలేదు.

చిత్రము లేకున్నచో నీ మాత్రమైనను ఎవ్వరెఱుఁగుదు రని యాక్షేపింపవచ్చును. ఆక్షేపము న్యాయమే. జయధీర్ తిరుమలరావు మొదలగు పరిశోధకులు జానపదవాద్యములను గూర్చి చిరకాలము పాటుపడిరి; అయినను వారి కృషి చేరని యిండ్లకు వీడియో చేరినది. 2022 జనవరిలో మొగిలయ్యకుఁ బద్మశ్రీ ప్రకటింపఁబడినది. రాష్ట్రప్రభుత్వము కోటిరూపాయలును ఇంటిస్థలమును ప్రకటించినది. కాని 2024 మే మాసమున హైదరాబాదు చేరువనున్న తుర్కయాంజాల్‌లో నతఁడు కట్టడపుఁబనిలోఁ గూలిచేయుచుండఁగాఁ దీసిన వీడియో యొకటి పత్రికల కెక్కినది. మూఁడేండ్లకు ముందు కిన్నెరను చూపిన తెరయే యిటుక మోయు చేతులను జూపినది. జనులు మొదటిదానికిఁ జప్పట్లు గొట్టిరి, రెండవదానికి నిట్టూర్చిరి. రెంటిని వ్రేలితో నొకే విధమునఁ ద్రోసిరి. వింతకుఁ బుట్టిన కీర్తి వింత తీఱుటతోఁ దీఱును. పాటకుఁ బుట్టిన కీర్తియే గాయకుని మఱల సభకుఁ బిలుచును. ఆ పిలుపు కథను పూర్తిగా వినఁగోరు శ్రోతలు గలచోటఁ గాని పుట్టదు.

దీనినిబట్టి చిన్నవీడియో గానమునకు శత్రువని తలఁపరాదు. హైదరాబాదునందలి చౌరస్తా బృందమువారు 2020 మార్చిలో, కరోనాభయము కమ్ముకొనుచున్ననాఁడు, ‘చేతులెత్తి మొక్కుతా’ యను పాటను వెలువరించిరి. జమైకాదీవిలోఁ బుట్టిన రెగే లయకుఁ దెలుఁగుపల్లె నుడికారమును గూర్చుట వారి వైచిత్ర్యము. రెండు మూఁడు నిమిషములలోఁ జెప్పఁదగిన మాటను వారు రెండు మూఁడు నిమిషములలోఁ జెప్పిరి. కరచాలనము వలదని చెప్పుటకు నమస్కారము చేసి వేఁడుకొనుట కంటెఁ దగిన చేష్ట లేదు; చేష్టయు, మాటయు, లయయు నొకచోటఁ గలసినవి. రెగే వారి చేత విదేశీయపుఁ దళుకుగాక, బుజ్జగించు స్వరమైనది. గోళీలయంత్రమువలెనే యిదియు దన రూపమునకుఁ దగిన కొలతలోఁ బుట్టినది. కిన్నెరకథ యట్టిది కాదు. పెద్దచెట్టును గుండులో నాఁటి పొట్టిదని నిందించుట యెట్లో, కథాగానమును నిమిషములలోఁ జూపి వింతయని మెచ్చుట యట్లే.

అటులైనచో సభ యెచ్చటఁ గలదు? హైదరాబాదునందలి బంజారాహిల్సు పేరే యొక యుత్తరమును సూచించుచున్నది. ఎద్దులపై ధాన్యమును ఉప్పును మోయుచు దేశదేశములు తిరిగిన బంజారాలు విడిసిన గుట్ట లవి. నేఁడు భవనములును, వాణిజ్యశాలలును, ప్రసాద్ ల్యాబ్స్ వంటి చలనచిత్రసంస్థలును వానిపై నిండినవి. ఆ గుట్టలందే, ఒకటవ నంబరు రోడ్డు చేరువనున్న యొక సందులో, లామకాన్ అను కళాప్రాంగణము 2010 లోఁ దెఱవఁబడినది. ఒక ఛాయాగ్రాహకుని యిల్లు అది. పెద్దబండ చేరువనే యారుబయట వేదిక, చుట్టును మెట్లు, ఒకప్రక్క చాయ, సమోసాలు. గజలు పాడువారును, నాటకమాడువారును, గిటారుతోఁ గ్రొత్తపాట లల్లువారును, ఇంకను పేరు రాని ప్రయోగములు చేయువారును ఆ వేదిక నెక్కుదురు. లామకాన్ అను ఉర్దూపదమునకు ‘ఇల్లు లేనిది’, ‘తావునకు లోఁబడనిది’ అని యర్థము. అంతర్జాలమును గూడ నీ పేరుతోఁ బిలువవచ్చును. కాని రెండు తావులేమిలకును భేదము కలదు. అంతర్జాలమున పాటకు తావు లేదు, శ్రోతకును తావు లేదు. ఎవఁడు ఎప్పుడు విడిచిపోయినను గాయకుఁ డెఱుఁగఁడు. ఈ ప్రాంగణమున శ్రోత కూర్చుండిన మెట్టు కలదు. వింతవాద్యమును చూచి మొదటి నిమిషమున నవ్వినవాఁడు పదియవ నిమిషమున మౌనము వహించుటను గాయకుఁడు కన్నులారఁ జూడఁగలఁడు. చూచి, తన పాటను సాగింపఁగలఁడు, మార్పఁగలఁడు. విచిత్రము గానమగునది యా పదియవ నిమిషముననే.

కావున విచిత్రగానమును నిర్ణయించుటకు మూఁడు ప్రశ్నలు చాలును. ఈ వింత క్రొత్తదా, మఱవఁబడినదా? వింత తీఱిన పిమ్మట నేమి మిగులుచున్నది? చూపఁబడిన కొలత దాని సహజమైన కొలతయేనా? నడకయంత్రముల పాట రెండవ ప్రశ్నకడ నిలువలేదు. గోళీలయంత్రమును చౌరస్తావారి పాటయు మూఁటికిని నిలిచినవి. మాండలీను వింతను దాఁటి శాశ్వతమైనది. కిన్నెర మాత్రము మూఁడవ ప్రశ్నకడ నాఁగియున్నది. తప్పు దానిది కాదు; దాని పూర్ణరూపమును జూపని చేతులది.

ఈ తప్పును దిద్దుట తెరను నిందించుటవలనఁ గాదు, తెరను గైకొనుటవలననే యగును. నిమిషముల పాటకుఁ జోటిచ్చిన యంతర్జాలమే గంటలకథకును చోటీయఁగలదు. అందుఁ దాటాకుల కొఱఁత లేదు, అచ్చుకూలి లేదు. తాళపత్రములను వెదకి, పాఠాంతరములను సరిచూచి, ప్రాచీనకావ్యములను బ్రకటించిన పరిషత్తుల కీ పని క్రొత్తదియుఁ గాదు. గాయకుని యూర, అతని శ్రోతలనడుమ, వంశకీర్తనము మొదలుకొని వీరమరణమువఱకుఁ గిన్నెరకథలను సాంగముగా దృశ్యరూపమున భద్రపఱచి, మెట్లస్థానములను, వరుసలను, కథాభేదములను గుర్తించి, గాయకులకుఁ దగిన వేతన మొసఁగి ప్రకటించినచో, పండుగ సాయన్న కథయు నొక ప్రతిగా నిలుచును. తాళపత్రము చెదపట్టినను మఱియొక ప్రతి దొరకవచ్చును. కిన్నెరకథకు రెండవ ప్రతి లేదు. అది పాడువాని కంఠముననే కలదు, ఆ కంఠము లేని దినమున లేదు.